చల్లని చేయి ఎవరిది? – హేజెల్ డికెన్స్ పాటలో మృత్యువు, బొగ్గుగని

2000లో విడుదలైన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ చిత్రంలో తెల్లముసుగులు ధరించిన కు క్లక్స్ క్లాన్ మూక రాత్రివేళ సభ జరుపుకొనే దృశ్యం ఒకటి ఉంది. ఆ దృశ్యం మీద ఒక వృద్ధుడి గొంతు వినిపిస్తుంది. వాద్యం లేదు, వంత లేదు. మృత్యువు ఎదుట నిలబడి గడువు వేడుకొంటున్న మనిషి పాట అది. పేరు ‘ఓ డెత్’. పాడినవాడు రాల్ఫ్ స్టాన్లీ. వర్జీనియా రాష్ట్రపు కొండల్లో పుట్టి, అన్న కార్టర్‌తో కలిసి 1946లో బృందం కట్టి, అర్ధశతాబ్దం పాటు పాడినా తన సంగీతాన్ని వెతుక్కుంటూ వచ్చేవారికి తప్ప బయటివారికి పెద్దగా తెలియని గాయకుడు. ఆ ఒక్క పాటతో 75 ఏళ్ళ వయసులో గ్రామీ పురస్కారం అందుకొన్నాడు.

ఆ కొండల నుంచే, అదే తరహా ప్రార్థనా మందిరాల నుంచే వచ్చిన ఇంకొక పాట ఉంది. దానికీ వాద్యం లేదు. అందులోనూ మృత్యువు చల్లని చేయి చాపుతుంది. దాని పేరు ‘బ్లాక్ లంగ్’. రాసినదీ పాడినదీ హేజెల్ డికెన్స్. బొగ్గుధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు గనికార్మికులు పెట్టుకొన్న పేరే ఆ పాటకు పేరు. రెండు పాటల్లోనూ చావే పాత్ర, వేదనే రసం, వట్టి గొంతే సాధనం. తేడా ఒక్కటే. మొదటి పాటలో చల్లని చేయి దైవనిర్ణయం. రెండవ పాటలో ఆ చేతికి ఒక కారణం ఉంది, ఆ కారణానికి ఒక యజమాని ఉన్నాడు. ఈ ఒక్క మార్పుతో హేజెల్ డికెన్స్ తన సంప్రదాయాన్ని ఏం చేసింది, అది సంప్రదాయభంగమా, సంప్రదాయపు కొనసాగింపా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించవలసిన విషయం.

కొండపాట ఎంత పాతది?

బ్లూగ్రాస్ అనగానే కాలం తాకని కొండల్లో తరతరాలుగా మారకుండా వచ్చిన జానపదమన్న భావన శ్రోతకు కలుగుతుంది. ఇది నిజం కాదు. బ్లూగ్రాస్ రేడియో యుగపు సంగీతం. కెంటకీలోని రోజీన్ గ్రామవాసి బిల్ మన్రో 1939లో నాష్‌విల్ రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీలో చేరాడు. 1945 చివరిలో ఎర్ల్ స్క్రగ్స్ మూడువేళ్ళతో మీటే తన బాంజో పద్ధతిని వెంటబెట్టుకొని ఆ బృందంలోకి వచ్చాకనే ఈనాడు మనం గుర్తుపట్టే బ్లూగ్రాస్ స్వరూపం స్థిరపడింది. మన్రో బృందం పేరే ఆ సంగీతానికి పేరయింది.

దానికి వెనుక ఉన్న ఓల్డ్‌టైమ్ సంగీతం, అంటే ఫిడేలు, బాంజోల నాట్యబాణీలు, కథాగేయాలు, భక్తిగీతాలు, మరింత పాతవి. కాని అవీ ఒంటరి కొండల్లో పుట్టినవి కావు. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల వాద్యం. మన్రోకు బాల్యంలో గురుతుల్యుడైన గిటారు, ఫిడేలు విద్వాంసుడు ఆర్నల్డ్ షుల్జ్ నల్లజాతివాడు. 1927 వేసవిలో బ్రిస్టల్ పట్టణంలో రాల్ఫ్ పియర్ జరిపిన ధ్వనిముద్రణలతో వెలుగులోకి వచ్చిన కార్టర్ కుటుంబానికి పాటలు సేకరించడంలో తోడుగా ఊరూరా తిరిగిన లెస్లీ రిడిల్ కూడా నల్లజాతి కళాకారుడే. రైలుమార్గాలు, బొగ్గుగనులు, కలపకోత మిల్లులు కొండల్లోకి వచ్చినప్పుడు వాటితోపాటు దూరప్రాంతాల కూలీలు వచ్చారు. వారి పాటలూ వచ్చాయి.

ఈ సంగీతపు గొంతుకు ‘హై లోన్‌సమ్’ అన్న విశేషణం స్థిరపడింది. ఎత్తైన శ్రుతిలో, ముక్కుతోనూ గొంతు బిగించీ, కంపనం లేకుండా తీసే ఒంటరి స్వరం అని దాని భావం. కెంటకీలోని డేజీ గ్రామవాసి రాస్కో హాల్కమ్ మీద జాన్ కోహెన్ తీసి 1963లో విడుదల చేసిన చిత్రంతో ఈ మాటకు ప్రచారం వచ్చింది. పట్టణపు శ్రోతకు అది కొండల ఏకాంతంగా వినిపించింది. అయితే హాల్కమ్ మునీశ్వరుడు కాదు. గనుల్లోనూ, రంపపు మిల్లుల్లోనూ, కట్టడాల పనుల్లోనూ ఒళ్ళు అరగదీసుకొన్న కూలీ. చివరి సంవత్సరాలలో ఎంఫిసీమాతో ఆయాసపడుతూ 1981లో చనిపోయాడు. వర్జీనియాకు చెందిన డాక్ బాగ్స్ కథా అటువంటిదే. 1927లో న్యూయార్క్ వెళ్ళి బాంజోతో కొన్ని పాటలు రికార్డు చేసి వచ్చాడు, తిరిగి గనిలోకి దిగాడు, మొత్తం మీద నాలుగు దశాబ్దాలకు పైగా బొగ్గు తవ్వాడు. 1963లో మైక్ సీగర్ వెతికి పట్టుకొనేదాకా లోకం అతన్ని మరచిపోయింది. ఆ తరువాత అతను రికార్డు చేసిన పాటల్లో ‘ఓ డెత్’ కూడా ఉంది.

ఇన్ని దశాబ్దాలు భూగర్భంలో గడిపిన మనిషి చావుపాట పాడుతుంటే శ్రోత దానిలో విన్నది సనాతనమైన మృత్యుచింతన. గని వినిపించలేదు. పాటలో ఆ మాట లేకపోవడం ఒక కారణం. వినేవారికి అది అక్కరలేకపోవడం మరొక కారణం.

మాంట్‌కామ్ నుంచి బాల్టిమోర్‌కు

హేజెల్ డికెన్స్ వెస్ట్ వర్జీనియాలో మెర్సర్ కౌంటీలోని మాంట్‌కామ్‌లో పుట్టింది. పదకొండుమంది సంతానంలో ఒకతె. తండ్రి ప్రిమిటివ్ బాప్టిస్ట్ శాఖకు చెందిన బోధకుడు, బాంజో వాయించడం తెలిసినవాడు, గనులకు కలప తోలి పొట్టపోసుకొన్నవాడు. ఆ శాఖవారి ప్రార్థనా మందిరాలలో వాద్యాలకు ప్రవేశం లేదు. మనిషి గొంతు ఒక్కటే అక్కడ పాటకు ఆధారం. అన్నలు గనుల్లోకి దిగారు.

1950ల మొదట్లో బతుకుతెరువు వెతుక్కుంటూ వేలాది కొండప్రాంతపు కుటుంబాలలాగే ఆ కుటుంబంలోనూ కొందరు బాల్టిమోర్ నగరానికి చేరారు. హేజెల్ కర్మాగారాల్లో పనిచేసింది. అక్కడ ఆమె యాస పరిహాసానికి గురయ్యేది. అన్న రాబర్ట్ క్షయవ్యాధితో శానటోరియంలో ఉండగా, యుద్ధసేవను నిరాకరించి బదులుగా ఆసుపత్రి కొలువు చేస్తున్న మైక్ సీగర్ అతనికి పరిచయమయ్యాడు. ఆ పరిచయం డికెన్స్ ఇంటి పాటను నగరపు సంగీతాభిమానుల వద్దకు చేర్చింది. ఆ బృందంలోనే హేజెల్‌కు ఆలిస్ జెరార్డ్ కలిసింది. పశ్చిమతీరంలో పెరిగి, కళాశాలలో చదువుతూ ఈ సంగీతం మీద మక్కువ పెంచుకొన్న యువతి. పుట్టుకతో పాట వచ్చిన ఒకరు, ప్రేమించి నేర్చుకొన్న మరొకరు. 1965లో వారి మొదటి ఆల్బమ్ ‘హూజ్ దట్ నాకింగ్?’ వచ్చింది. ముందు నిలిచి బృందాన్ని నడిపేది మగవారే అయిన బ్లూగ్రాస్‌లో ఇద్దరు ఆడవాళ్ళు పాటకూ పేరుకూ తామే ముందుండటం అప్పటికి కొత్త.

ఆ జంటపాటల్లో ఆలిస్ కింది శ్రుతిలో నేలలాగా నిలబడితే హేజెల్ పైశ్రుతిలో కోతపెడుతుంది. ఆమె గొంతు తీయనిది కాదు. తీయగా చెయ్యాలన్న ప్రయత్నమూ లేదు. దీర్ఘాచ్చు మీద స్వరాన్ని నిటారుగా నిలిపి, పదం చివర ఒక్కసారి జారవిడుస్తుంది. తెలుగు చెవికి మొదటిసారి అది గరుకుగా తగలవచ్చు. గమకానికి అలవాటుపడ్డ చెవి స్వరం కదలాలని కోరుకొంటుంది. ఇక్కడ స్వరం కదలకుండా నిలబడటమే భావం.

‘బ్లాక్ లంగ్’: పాట నిర్మాణం

హేజెల్ అన్నలలో థర్మన్ గనికార్మికుడు. నల్ల ఊపిరితిత్తుల జబ్బుతో, పేదరికంలో చనిపోయాడు. ఆ చావు నుంచి ఈ పాట వచ్చింది. కాని ఇది కుటుంబశోకగీతం కాదు. పాటలో థర్మన్ పేరు లేదు, చెల్లెలి ప్రస్తావన లేదు.

దీని నిర్మాణంలో మొదట గమనించదగినది సర్వనామాల కదలిక. చరణం ‘అతను’ అంటూ మొదలవుతుంది. దురదృష్టం వెంటాడిన ఒక కార్మికుడి కథను బయటి గొంతు చెబుతుంది. పల్లవికి వచ్చేసరికి గొంతు ‘నేను’ అవుతుంది. రోగి స్వయంగా తన జబ్బును సంబోధిస్తాడు. గనిలో గడచిన తన జీవితమంతా తన గోతిని తాను తవ్వుకోవడమేనని గ్రహిస్తాడు. మరొక చరణంలో, యజమాని తలుపు మూసిన తరువాత, ‘నువ్వు’ వస్తుంది. జబ్బుపడిన పేదవాడు ఎవరికీ అక్కరలేదన్న మాట ఏ ఒక్కరికో కాక వినేవారందరికీ వర్తించేలా చెప్పబడుతుంది. అతను, నేను, నువ్వు. ఒక రోగి కథ మూడు అడుగుల్లో వినేవాడి కథ అవుతుంది. కథాగేయాలు సాధారణంగా ప్రథమపురుషలోనే నడుస్తాయి. భక్తిగీతాలు ఉత్తమపురుషలో మాట్లాడతాయి. సమ్మెపాటలు మధ్యమపురుషను పిలుస్తాయి. మూడు సంప్రదాయాల వ్యాకరణం ఒక చిన్న పాటలో చోటుచేసుకొంది.

రెండవది పదజాలం. చల్లని చేయి, ప్రాణాన్ని అందుకోబోవడం, ఆత్మక్షోభ – ఇవన్నీ మందిరపు పాటల నుంచి వచ్చిన మాటలు. వాటి సరసనే కంపెనీ వైద్యసహాయ పథకం ప్రస్తావన వస్తుంది. జబ్బు ఆ పథకం పరిధిలోకి రాదన్న సంగతి పాటలో పాడబడుతుంది. చావుపాటలో బీమా మాట ఎబ్బెట్టుగా ఉండాలి. ఉండదు. కారణం, ఆ కార్మికుడి లోకంలో రెండూ ఒకే గదిలో ఉన్నాయి. మరణభయమూ మందుల ఖర్చూ వేర్వేరు రాత్రుల్లో నిద్ర చెడగొట్టవు.

మూడవది ముగింపు. శ్మశానానికి యజమాని పూలు తెస్తాడు. పాట ఆ పూలను తిప్పికొడుతుంది. దానితో ఆగదు. శోకగీతాన్ని కూడా వద్దంటుంది. తనే ఒక శోకగీతమైన పాట, శోకగీతం ఇచ్చే ఓదార్పును నిరాకరించడం ఈ సంప్రదాయంలో అరుదు. ‘ఓ డెత్’ విన్నవాడు భయపడి, కరిగి, ఊరటతో లేస్తాడు. ‘బ్లాక్ లంగ్’ విన్నవాడికి ఆ ఊరట దొరకదు.

ఇక వాద్యం లేకపోవడం. హేజెల్ బృందంతో పాడే గాయని. బాంజో, మాండొలిన్ ఎప్పుడూ ఆమె వెనుక ఉండేవి. ఈ పాటకు మాత్రం ఆమె వాటిని పక్కన పెట్టేది. దీన్ని తండ్రి మందిరపు వారసత్వమని సరిపెట్టుకోవచ్చు. కాని ఈ పాటలో ఆ వారసత్వానికి కొత్త పని దొరికింది. వాద్యం ఉంటే గాయని ఊపిరి తీసుకొనే విరామాన్ని అది కప్పుతుంది. వాద్యం లేనప్పుడు ప్రతి పాదం చివరా ఊపిరి వినబడుతుంది. ఊపిరి అందక చచ్చినవాడి గురించిన పాటలో శ్రోత వినేది నిండుగా అందుతున్న ఊపిరి.

ఏది సాక్ష్యం?

ఈ పాట బరువు తెలియాలంటే ఆ కాలపు వైద్యచరిత్ర కొంత తెలియాలి. బొగ్గుధూళిలోని అతిసూక్ష్మమైన రేణువులు ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా చేరతాయి. వాటిని మింగిన రక్షకకణాలు వాటిని కరిగించలేవు. ఆ చుట్టూ కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది. మచ్చలు కలిసి పెద్ద ముద్దలైతే గని వదిలిపెట్టినా జబ్బు ముదురుతూనే ఉంటుంది. దానికి వెనుదిరుగుడు లేదు.

బ్రిటన్ 1943లోనే దీన్ని బొగ్గుకార్మికుల వృత్తివ్యాధిగా గుర్తించి పరిహారం ఇచ్చింది. అమెరికాలో మరో పాతికేళ్ళు గడిచాయి. ఎక్స్‌రేలో పెద్ద మచ్చలు కనబడకపోతే కార్మికుడి ఆయాసాన్ని పొగతాగుడుకో, వయసుకో, మానసిక భయానికో అంటగట్టేవారు. బెక్లీ పట్టణపు ఆసుపత్రిలో డొనాల్డ్ రాస్ముస్సెన్ అనే వైద్యుడు కార్మికులను శ్రమింపజేసి, అప్పుడు వారి ధమనుల రక్తంలోని ప్రాణవాయువును కొలిచాడు. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేనివారిలో కూడా ఊపిరితిత్తులు పని చెయ్యడం లేదని తేలింది. ఆయాసం అబద్ధం కాదు, కొలిచిన తీరే సరైనది కాదు.

1968 నవంబర్ 20న వెస్ట్ వర్జీనియాలోని ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది చనిపోయారు. దానిపై హేజెల్ ‘మానింగ్టన్ మైన్ డిజాస్టర్’ రాసింది. ఆ కోపం చల్లారకముందే రాస్ముస్సెన్, బఫ్, వెల్స్ అనే ముగ్గురు వైద్యులు ఊరూరా సభలు పెట్టి జబ్బు గురించి చెప్పారు. 1969 ఫిబ్రవరిలో సుమారు 40,000 మంది కార్మికులు పని ఆపారు. మూడు వారాల్లో రాష్ట్రం పరిహారచట్టం చేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో గని గాలిలో ధూళికి పరిమితి విధిస్తూ సమాఖ్య చట్టం వచ్చింది.

ఆ వివాదమంతా సాక్ష్యం గురించినది. కార్మికుడు తనకు ఊపిరి అందడం లేదంటే అది సాక్ష్యమా, లేక చిత్రంలో మచ్చ కనిపిస్తేనే సాక్ష్యమా? హేజెల్ పాట ఈ వాదంలో నినాదంతో దిగలేదు. రోగి మాటను రోగి మాటగానే, రోగనిర్ధారణతో సమానమైన గౌరవంతో, నిలబెట్టింది. అపలాచియా చిన్న పట్టణాల ఆసుపత్రుల్లో భారతీయ వైద్యులు, వారిలో తెలుగువారు, దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. ఆ రోగుల చరిత్ర రాసుకొనేవారికి ఈ పాట ఇప్పటికీ పనికివస్తుంది.

అదే ప్రశ్న, మరొక చోట

కారణం ఎవరని అడగడం ‘బ్లాక్ లంగ్’కే పరిమితమైతే దాన్ని వ్యక్తిగత దుఃఖమనుకోవచ్చు. కాని హేజెల్ రచనలో అది పద్ధతి. కంట్రీ సంగీతంలో చెడిపోయిన ఆడది ఒక స్థిరపాత్ర. మధుశాలలో కూర్చుని ఉంటుంది, మగవాడు ఆమెను చూసి జాలిపడతాడు లేదా నిందిస్తాడు. 1952లో కిట్టీ వెల్స్ పాడిన జవాబుపాట ఆ నిందను మగవాడి మీదికి మళ్ళించింది. 1973 ఆల్బమ్‌లోని హేజెల్ పాట ‘డోంట్ పుట్ హర్ డౌన్, యు హెల్ప్‌డ్ పుట్ హర్ దేర్’ ఆ దారిలోనే ఇంకొంచెం ముందుకు పోతుంది. పేరులోనే వాదం ఉంది. జాలి కూడా ఒక తప్పించుకొనే మార్గమేనని, చూస్తున్నవాడు ప్రేక్షకుడు కాదు, భాగస్వామి అని ఆ పాట గుర్తుచేస్తుంది.

పాత కథాగేయాలలో చంపబడే స్త్రీలు కోకొల్లలు. ‘ప్రెటీ పాలీ’, ‘ఓమీ వైజ్’ వంటివాటిలో హత్య జరుగుతుంది, గోయి తవ్వబడుతుంది, నీరు పారుతుంది. ఎందుకు అన్న ప్రశ్న మాత్రం ఉండదు. విధిలాగా జరిగిపోతుంది. హేజెల్ ఆ గేయాల స్వరాన్నీ, నిబ్బరాన్నీ తీసుకొని, వాటిలో లేని ప్రశ్నను చేర్చింది.

అభ్యంతరాలు

ఇటువంటి రచన సంప్రదాయాన్ని రాజకీయానికి వాడుకోవడమేనన్న అభ్యంతరం ఉంది. అందులో కొంత బలం ఉంది. 1976లో వచ్చిన బార్బరా కాపుల్ చిత్రం ‘హార్లన్ కౌంటీ, యు.ఎస్.ఎ.’ ముగింపులో వినిపించే ‘దే విల్ నెవర్ కీప్ అస్ డౌన్’ ఉదాహరణ. కెంటకీ సమ్మెను దగ్గరనుంచి చూపిన ఆ చిత్రం చివర అది ఒళ్ళు గగుర్పొడిపిస్తుంది. చిత్రం లేకుండా వింటే పలుచబడుతుంది. అందులోని ఉద్వేగం ఏ సంఘానికైనా, ఏ సమ్మెకైనా సరిపోతుంది. ‘బ్లాక్ లంగ్’లో ఉన్న మూసిన తలుపు, శ్మశానపు పూల వంటి గుర్తులు అందులో లేవు. సభ కోసం రాసిన పాట సభతో లేస్తుంది. మనిషి కోసం రాసిన పాట సభ ముగిసినా ఉంటుంది. హేజెల్ రచనల్లో రెండు రకాలూ ఉన్నాయి. విమర్శకుడు వాటిని ఒకే గాటన కట్టనక్కరలేదు.

కాని రాజకీయం బయటినుంచి వచ్చిందన్న మాట చరిత్రకు నిలవదు. 1931లోనే హార్లన్ కౌంటీలో ఒక కార్మికుడి భార్య, ఫ్లోరెన్స్ రీస్, తెలిసిన పాత బాణీకి ‘విచ్ సైడ్ ఆర్ యు ఆన్?’ కట్టింది. పాత వరసకు కొత్త మాట కట్టడమే జానపదం బతికే తీరు. ఇది తెలుగువారికి వివరించనక్కరలేని సంగతి. తెలంగాణ సాయుధపోరాట కాలంలో సుద్దాల హనుమంతు పల్లెబాణీల్లో పాట కట్టినప్పుడూ, బొగ్గుబాయిల ఆదిలాబాద్ జిల్లా నుంచి వచ్చిన గూడ అంజయ్య కూలివాడి నుడికారంలో పాట కట్టినప్పుడూ జరిగింది అదే. జానపదమంటే బతుకమ్మ, కోలాటం వరకేనని గిరిగీసి, బాయిపని పాటను రాజకీయమని పక్కకు తోసే అలవాటు తెలుగునాటా ఉంది. దానివల్ల నష్టపోయేది రాజకీయం కాదు. ఆ పాట కట్టినవారి కళానైపుణ్యం పరిశీలనకు రాకుండా పోతుంది.

అలాగని ‘ఓ డెత్’ను తక్కువచేయడం ఉద్దేశం కాదు. మృత్యువు ఎదుట మనిషి నిస్సహాయత నిజం. ఏ చట్టమూ దాన్ని తీసివేయలేదు. ఆ నిజాన్ని స్టాన్లీ గొంతు మోసినట్టు మోసినవారు తక్కువ. హేజెల్ ఆ నిజాన్ని కాదనలేదు. ఏ చావు దైవానిది, ఏ చావు మనిషి చేసినది అని వేరుచేసి చూపింది. అలా వేరుచేయడానికి ఆమెకు సంప్రదాయం బయట నుంచి ఒక్క మాటా, ఒక్క స్వరమూ అరువు తెచ్చుకోవలసిన అవసరం రాలేదు.

ముగిసిపోని పాట

2001లో హేజెల్ డికెన్స్‌కు జాతీయ వారసత్వ పురస్కారం లభించింది. 2011 ఏప్రిల్‌లో ఆమె వాషింగ్టన్ నగరంలో మరణించింది. 2017లో ఆలిస్‌తో కలిపి ఆమె పేరు బ్లూగ్రాస్ సంగీత సంస్థ గౌరవశ్రేణిలో చేరింది. జబ్బు కూడా ఆ పాటలాగా గతానికి చెందినదై ఉంటే ఈ వ్యాసం ఇక్కడ ముగిసేది. కాని 2018 ఫిబ్రవరిలో వైద్యపత్రికలో ఒక నివేదిక వచ్చింది. వర్జీనియా నైరుతిభాగంలోని మూడు చికిత్సాలయాలలోనే, 2013 నుంచి 2017 మొదలు దాకా, ఈ జబ్బు ముదిరిన రూపం 416 మందిలో కనబడింది. మందమైన బొగ్గుపొరలు అయిపోయి, సన్నని పొరల కోసం చుట్టూ ఉన్న రాతిని కూడా యంత్రాలతో కోస్తున్నందువల్ల, బొగ్గుకన్నా హానికరమైన సిలికా ధూళి గాలిలో కలుస్తోంది. గనుల్లో సిలికాకు కఠినమైన పరిమితిని ప్రకటించే నియమం 2024లో గాని రాలేదు.

రాల్ఫ్ స్టాన్లీ పుట్టిన డికెన్సన్ కౌంటీ, డాక్ బాగ్స్ తవ్విన గనులు ఆ నైరుతిభాగంలోనివే. ‘ఓ డెత్’ను అనాదిగీతంగా విని పులకించిన శ్రోత ఆ ప్రాంతపు పటాన్ని ఒకసారి ముందు పెట్టుకొని, హేజెల్ పాటను దాని పక్కనే వినాలి.